ఆఫీసు కబుర్లు: పెడచెవిని పెట్టిన హెచ్చరిక

అంచెట్టిలో మా ఆఫీసు జీతాల పట్టీని పైథాన్‌లోని ‘పాండాస్’ లైబ్రరీతో నేనే వేస్తుంటాను. వరుసలు చేర్చే ‘అపెండ్’ త్వరలో పోతుందని, 2022 జనవరిలో వచ్చిన 1.4 నుంచీ అది హెచ్చరిస్తూనే ఉన్నది. లెక్క వస్తున్నది గదా అని ఊరుకున్నాను.

2023 ఏప్రిల్‌లో 2.0 వచ్చింది. దానికి మారిన నెలలో, సరిగ్గా జీతాల ముందురోజున, పట్టీ ఆగిపోయింది! పాతదే మళ్ళీ ఎక్కించి గండం గడిపాను.

తరువాత బుద్ధి వచ్చి, ముందు 1.5.3లో నడిపి, హెచ్చరికలన్నీ ఒక్కొక్కటిగా తీర్చాను. ‘అపెండ్’ బదులు ‘కన్‌కాట్’ పెట్టాను. 2.0తో విడిగా వేసి, మొత్తాలు పైసాతో సహా కలిసిన తరువాతనే పాతదానిని వదిలాను.

1957లో నయాపైసలు వచ్చినప్పుడు అణాలు కూడా కొంతకాలం చెల్లాయి. ఆ గడువు మనకోసమే గదా!