పేరు లేని సీసా మన బాత్‌రూముల్లో ఎందుకు?



వార్షికోత్సవం వస్తుందంటే చాలు, హాస్టల్‌కు పెళ్లి కళ వస్తుంది. గోడలకు సున్నం పడుతుంది, గేటుకు మామిడాకులు ఎక్కుతాయి, స్టేజీకి రంగు కాగితాలు అంటుతాయి. ఆ వారంలోనే బాత్‌రూములను కూడా అందరూ గుర్తు చేసుకుంటారు. అందుకే ఈ సంచికలో లక్ష్యాల గురించో, క్రమశిక్షణ గురించో కాకుండా బాత్‌రూము మూలన కూర్చునే ఒక సీసా గురించి రాయాలనుకున్నాం. చిన్న విషయమని పేజీ తిప్పేయకండి.

మేము హాస్టళ్లలో చదువుకొని బయటికి వెళ్లిన వాళ్లం. మాలో ఇద్దరు ఏడో తరగతి దాకా వేరే ఊరి హాస్టల్‌లో ఉన్నారు. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఒక ఆదివారం, రేపు తనిఖీకి పెద్ద సార్లు వస్తున్నారని పిల్లలందరినీ శుభ్రం చేయమన్నారు. కామాటి సెలవులో ఉన్నాడు. పాత కూల్‌డ్రింక్ సీసాలో పసుపు రంగు నీళ్లలాంటిది ఇచ్చి, "ఇది పోసి రుద్దుండ్రి, మరకలు పోతయ్" అన్నారు. పోస్తే నురగ వచ్చింది, మరక పోయింది. అందరికీ సంబరమైంది. ఇంకా తెల్లగా కావాలని ఒకడు డబ్బాలో ఉన్న బ్లీచింగ్ పౌడర్ తెచ్చి అదే తడి మీద చల్లాడు.

అంతే. ఎండుమిర్చి పొయ్యిలో పడ్డట్టు గొంతు మండింది, కండ్లు తెరవలేకపోయాం. అందరం బయటికి ఉరికాం. చివరి దొడ్డిలో తలుపు వేసుకొని ఉన్న ఆరో తరగతి పిల్లవాణ్ణి గుంజుకొచ్చేసరికి వాడికి ఊపిరి ఆడడం లేదు. రాత్రంతా దగ్గాడు. తెల్లారి దవాఖానకు తీసుకెళ్లారు. అదృష్టం బాగుండి బతికాడు. కానీ అది ఏం పొగ, ఎందుకు వచ్చింది అని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగితే తిడతారని భయం.

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. తడి ఆరిన సున్నం మీదికి క్లోరిన్ వాయువును పంపి బ్లీచింగ్ పౌడర్ చేస్తారు. దాని మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే లోపల ఉన్న క్లోరిన్ తిరిగి బయటికి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మనీ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. ఇది గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా నేల మీదనే పరుచుకుంటుంది. కిటికీ లేని దొడ్డిలో కింద కూర్చున్న పిల్లవాడికే ముందుగా తగిలింది అందుకే.

ఇప్పుడు మన బడిలోని ల్యాబ్‌ను తలుచుకోండి. అక్కడ ఉన్నదీ ఇదే ఆమ్లం. కానీ సీసా మీద పేరు ఉంటుంది, గాఢమైనదా సజలమా అని రాసి ఉంటుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లమంటే నూటికి 35 నుంచి 37 వంతుల బలం ఉన్నది, మూత తీస్తేనే పొగలు కక్కుతుంది. దాన్ని సార్ తప్ప ఎవరూ ముట్టరు. పిల్లల చేతికి సజల ఆమ్లమే వస్తుంది, అదీ పరీక్షనాళికలో నాలుగు చుక్కలు. నీటిలో ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలో నీరు పోయకూడదని వందసార్లు చెబుతారు. ముఖ్యంగా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీరు పోస్తే పుట్టే వేడికి ఆమ్లం ఎగిరి ముఖాన పడుతుంది.

మరి ల్యాబ్‌లో నాలుగు చుక్కలకు ఇంత జాగ్రత్త ఉంటే, బాత్‌రూములో లీటరు సీసాకు ఎందుకు లేదు? ఆమ్లానికి ల్యాబ్ ఏదో, దొడ్డి ఏదో తెలియదు. చర్మం ఎక్కడైనా చర్మమే.

తెలియనితనం ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెద్దదవుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగిందో గుర్తుందా? ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై నిద్రలో ఉన్న జనం మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు. అదీ గాలి కన్నా బరువైన ఆవిరే. సైరన్ మోగించడానికి కంపెనీలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఒక్కటీ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. గోడ అవతల ఏముందో తెలియక, చెప్పేవాళ్లు లేక జనం పరుగెత్తారు. మన హాస్టళ్లలో చదివిన ఎందరో డిగ్రీ కాగానే పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల కంపెనీల్లో పనికి పోతున్నారు. డ్రమ్ములో ఏముందని అడిగే అలవాటు ఇక్కడ కాకపోతే అక్కడ వస్తుందా?

చట్టం కూడా మౌనంగా లేదు. 2013 జూలై 18న సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆదేశాలు ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని వారికి అమ్మకూడదు. కొనేవారి గుర్తింపు కార్డు చూడాలి. యాసిడ్ ఉంచుకునే విద్యా సంస్థలు వాడకానికి రిజిస్టరు పెట్టాలి, దాని భద్రతకు ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయాలి. పదమూడేళ్ల పిల్లవాడికి దుకాణంలో అమ్మకూడని దాన్ని, అదే పిల్లవాడి చేతిలో పెట్టి దొడ్డి కడగమనడం ఏం న్యాయం? వేలకు వేలు ఫీజులు కట్టే హాస్టళ్లలో పిల్లల చేతికి యాసిడ్ సీసా ఇస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? మన అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు, అడగలేరు. కాబట్టి మనమే అడగాలి.

కొందరు పెద్దలు అంటారు: "యాసిడ్ లేకుంటే ఆ మరకలు ఎట్ల పోతయ్?" నిజమే, బోరు నీళ్లలోని సున్నం గట్టిపడి తెల్లగా పేరుకుంటుంది. యాసిడ్ దాన్ని కరిగిస్తుంది, కానీ కింద ఉన్న సిమెంటును కూడా తింటుంది. రోజూ బ్రష్షు, సబ్బు పొడి వాడితే మరక అంతగా పేరుకోదు. పేరుకున్నదానికి నిమ్మఉప్పు కలిపిన నీళ్లు పోసి కాసేపు నానబెట్టి రుద్దవచ్చు. కానీ దానితోనూ బ్లీచింగ్ పౌడర్ కలపకూడదు. దుకాణంలో దొరికే చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉన్నదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, కాబట్టి వాటికీ ఇదే నియమం.

"మా చిన్నప్పుడు మేము కడగలేదా?" అని కూడా అంటారు. కడిగారు. కష్టపడ్డారు. ఆ కష్టం పిల్లలకు రాకూడదనే కదా ఈ చదువు. మన గది మనం ఊడ్చుకోవడం, మన కంచం మనం కడుక్కోవడం మంచి అలవాటే. యాసిడ్ పట్టడం అలవాటు కాదు, ప్రమాదం.

ఇక మా మనవి ఇది. యాసిడ్ తెస్తే కంపెనీ సీసాలోనే ఉండాలి, నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోయకూడదు. తాళం ఉన్న అలమారలో, బ్లీచింగ్ పౌడర్‌కు దూరంగా పెట్టాలి. రిజిస్టరులో రాయాలి. కామాటి అన్నకు రబ్బరు గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు ఇవ్వాలి. ఆయన చేతులు కూడా చేతులే, ఆయన ఇంట్లోనూ మనలాంటి పిల్లలే ఉన్నారు. ఈ నాలుగింటికీ పెద్ద బడ్జెట్ అక్కరలేదు, మనసు ఉంటే చాలు.

తమ్ముళ్లూ, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. ఒంటి మీద యాసిడ్ పడితే తడిసిన బట్టలు తీసేసి, నల్లా కింద కనీసం ఇరవై నిమిషాలు నీళ్లు పోయండి. కంట్లో పడినా అంతే, రెప్పలు తెరిచి పట్టి కడగండి. పసుపు, సిరా, టూత్‌పేస్టు రాయకండి. పొరపాటున తాగితే వాంతి చేయించకండి, దిగిన గొంతు మళ్లీ కాలుతుంది. ఘాటైన పొగ వస్తే వెంటనే ఆరుబయటికి, ఎత్తైన చోటికి వెళ్లండి. తగ్గినట్టు అనిపించినా డాక్టరుకు చూపించండి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా జరగవచ్చు. 108కు ఫోన్ చేసి, ఏ మందు వల్ల అయిందో సీసా చూసి చెప్పండి. పేరు లేని సీసా అయితే డాక్టరుకు ఏం చెబుతారు?

ఆ ఆదివారం మేము అడగలేదు. "సార్, ఈ సీసాలో ఏముంది?" అన్న ఒక్క మాట నోట్లోంచి రాలేదు. అడగడం ఎదురు చెప్పడం కాదు. ఈ వార్షికోత్సవం నాడు మీకు బహుమతిగా పుస్తకాలు, పెన్నులు వస్తాయి. మా తరఫున ఆ ఒక్క ప్రశ్నను కూడా తీసుకోండి. రేపు బాత్‌రూములోనైనా, ల్యాబ్‌లోనైనా, కంపెనీ గేటు లోపలైనా ధైర్యంగా అడగండి.

మీ పాత విద్యార్థులం