పరుల కష్టములు – మన పఠనము

“మన యింటి కష్టములు మనకు చాలవా? పరుల కష్టములను వెలయిచ్చి కొని చదువుట యెందుకు?” అను మాట మన గృహములలో తఱచుగా వినవచ్చుచున్నది. ఇది చదువురానివా రనుమాట కాదు. పట్టపరీక్షలలో కృతార్థులైనవారు, బీరువాలలో పుస్తకములు గలవారు, సంస్కారసభలలో ముందువరుస యలంకరించువారు ఈ మాట యనుచున్నారు. ఆడపిల్ల యొక స్వీయచరిత్రను చేత పట్టుకొన్నచో, “ఈ యేడుపుగొట్టు పుస్తకము నీ కేల? నాలుగు మంచిమాట లున్నది చదువరాదా?” అని తల్లియే దానిని లాగికొనును. ఈ మాటను మేము ఖండించుచున్నాము. అంతే కాదు. కష్టకథలను కన్నీటితో చదివి, కన్నీరు తుడుచుకొని, పుస్తకమును మూసి, మునుపటివలెనే మెలగువారిని గూడ మేము మెచ్చుకొనజాలము. మొదటివారు పుస్తకమును తెఱవనీయరు. రెండవవారు తెఱచియు చదువరు. ఇరువురివలనను సంఘమునకు కలుగు ఫల మొక్కటియే.

ముందుగా మొదటి వాదమును విచారింతము. మన కష్టము మనకు తెలియునని మన మనుకొందుము. తెలిసినది నొప్పి మాత్రమే, కారణము కాదు. బోరు ఎండిన రైతు తన నొసటి వ్రాత యనుకొనును. అప్పు తీర్చలేక కాడియెద్దుల నమ్ముకొన్నవాడు తన గ్రహచార మనుకొనును. భర్తచేత దెబ్బలు తినిన యిల్లాలు తన పూర్వజన్మ పాప మనుకొనును. ప్రక్కయింటివారును అట్లే యనుకొనుచుందురు. నూఱు గడపలలో నూఱుగురు వేఱువేఱుగా ఒకే మాట యనుకొనుచుండగా, తాము నూఱుగుర మను సంగతి యొక్కరికిని తెలియదు. ఈ సంగతిని తెలుపగలది పుస్తకము. ఒక్కరి బ్రతుకును మొదటినుండి తుదివఱకు వరుసగా చెప్పినప్పుడు, అందులో దైవము చేసిన దెంత, మనుష్యులు చేసిన దెంత యనునది తేటపడును. నూఱుగురి నొసళ్లమీద ఒకే వ్రాత కనబడుచున్నప్పుడు, వ్రాసిన చేతిని వెదకవలసినది కాదా?

మన కర్నూలు, కడప సీమలనే చూడుడు. 1800లో నిజాము ఈ నేలను ఈస్టిండియా కంపెనీకి వదలివేసెను. అది మొదలు నూఱేండ్లకు పైగా దీనికి దత్తమండలమనియే పేరు. 1876–78 నాటి మహాక్షామము ఈ సీమను పీల్చి పిప్పి చేసినది. కర్నూలు–కడప కాలువను త్రవ్వించినది లాభమునకై యేర్పడిన యొక ఇంగ్లీషు కంపెనీ. ఆ లాభము రాకపోగా 1882లో ప్రభుత్వము దానిని కొనుగోలు చేసెను. ఆ కాలువ యే యూరి ప్రక్కగా పాఱవలెనో, ఏ యూరికి దూరముగా పాఱవలెనో బ్రహ్మ వ్రాయలేదు. మనుష్యులే గీత గీసిరి. అయినను కాలువక్రింది ఊరివానిని అదృష్టవంతు డనియు, మెట్టపొలమువానిని దురదృష్టవంతు డనియు మనము నేటికిని చెప్పుకొనుచునే యున్నాము.

ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కూలిజనము పనులు లేని నెలలలో పిల్లాజెల్లలతో గుంటూరు సీమకు మిరపకోతలకు, పత్తితీతకు తరలిపోవుచున్నారు. దానిని వారు సుగ్గికి పోవుట యందురు. ఆ పిల్లవాడు వెళ్లిన దినములన్నిటికిని బడి హాజరుపట్టీలో ఒక గుర్తు పడును: ‘రాలేదు’ అని. అంతటితో వాని చరిత్ర ముగిసినది! ఎందుకు రాలేదు, ఎవరి చేలో నున్నాడు, ఏ గుడిసెలో పండుకొన్నాడు అని ఆ పట్టీ చెప్పదు. కథ చెప్పును; నవల చెప్పును; వాడే పెద్దవాడై వ్రాసికొన్నచో స్వీయచరిత్ర చెప్పును. అట్టి పుస్తకమును ‘ఏడుపుగొట్టుది’ అని త్రోసివేయువారు హాజరుపట్టీనే చరిత్రగా నమ్ముచున్నారన్నమాట.

మన సీమకు ఇట్టి వాఙ్మయము కొఱవడలేదు. విద్వాన్ విశ్వముగారి ‘పెన్నేటి పాట’ 1956లోనే పెన్న యొడ్డున నెండిన బ్రతుకులను కావ్యవస్తువుగా చేసినది. కేతు విశ్వనాథరెడ్డిగారి కథలలో కడపజిల్లా పల్లెలు, వాని కఱవులు, వాని కక్షలు ఉన్నవి. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ వాటిని సన్మానించినది. అయినను కడప, కర్నూలు అనగానే తెలుగుదేశమున ముందుగా జ్ఞప్తికి వచ్చునవి సుమోలు, నాటుబాంబులు, తొడగొట్టు కథానాయకులు. కక్షలో మగడు చచ్చిన యాడుదానికి మఱునాడు కుండలో గింజ లుండెనా అని వెండితెర యడుగదు. ఆ ప్రశ్న నడిగిన కథలు మన బీరువాలలో లేవు; తొడగొట్టిన చిత్రములు మాత్రము మన పిల్లలకు కంఠస్థములు.

ఇక రెండవ పక్షము. వీరు చదువుదురు. కాని వీరి చదువునకు ఒక జల్లెడ కలదు. తమకు తగులవలసిన మాటయెల్ల ఆ జల్లెడలో నిలిచిపోవును. తగులనిది మాత్రమే క్రిందికి దిగును. ఈ జల్లెడ నేటిది కాదు. బ్రౌను దొర వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. అటుపిమ్మట వేమనను చదువని తెలుగుబాలుడు లేడు. అయినను మనము పిల్లల కే పద్యములు నేర్పితిమి? ఓర్పును, పొదుపును, సజ్జనసాంగత్యమును బోధించు పద్యములను ఏరి నేర్పితిమి. కులమును, బూటకపు మడిని, డాంబికపు గురువులను దులిపివేసిన పద్యములను పెద్దలు పెరటిలోనే వదలిరి. తిరుగుబాటుదారుని చేతివ్రాత దిద్దించు పంతులుగా మార్చిన ఘనత మనదే.

కందిమల్లాయపల్లెలో మఠము గల పోతులూరి వీరబ్రహ్మముగారి విషయమున మనము చేసినదియు నట్టిదే. వారి కాలజ్ఞానమును మనవా రెంత శ్రద్ధతో వెదకుదురు! ఏ యేరు పొంగునో, ఏ రాజ్యము కూలునో, ఏ నాడు ఏ వింత పుట్టునో యని తాటాకు లన్నియు తిరుగవేయుదురు. దూదేకుల సిద్ధయ్యను, మాదిగ కక్కయ్యను ఆ గురువు శిష్యులుగా చేర్చికొనె నని పరంపర చెప్పుచుండగా, ఆ వింత మాత్రము వీరి కంటికి ఆనదు. రాబోవు వింతలకై కాచుకొనువారు జరిగిపోయిన వింతను చూడకుండుట కంటె వింత యేమున్నది? నాటకములో సిద్ధయ్య పద్యమునకు చప్పట్లు కొట్టిన చేతులే, ఇంటికి వచ్చి పనిమనిషి గ్లాసును వేఱుగా బోర్లించుచున్నవి.

గోపవరపు మొల్లను గూర్చి గూడ ఒక్క మాట. ఆమె రామాయణమును గొప్పగా చెప్పుకొందుము. తాను శాస్త్రములు చదివినదానను కానని ఆమెయే తన కావ్యముఖమున చెప్పికొన్నది. దీనిని వినయమని మెచ్చుకొని ఊరకుందుము. ఆనాటి స్త్రీకి అక్షర మెట్లు దొరకినది, ఎంతమందికి దొరకకపోయినది, దొరకినచో ఎంతమంది కావ్యములు వ్రాసియుందురు అని అడుగుటకు మనకు నోరు రాలేదు. ఒక్క మొల్లను పూజించుట సులువు. వ్రాయలేకపోయిన వేయిమంది మొల్లలకు లెక్క చెప్పుట కష్టము.

స్త్రీల చరిత్రలను చదువునప్పుడు ఈ జల్లెడ మఱింత సన్ననగును. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ 2012లో వెలువడినది. బాల్యముననే వైధవ్యము, పునర్వివాహము, ఉద్యమము, అజ్ఞాతవాసము, భర్త విడిచిపోవుట, కన్నబిడ్డలను పోగొట్టుకొనుట – ఇంతయు ఆమె తొణకని మాటలతో చెప్పినది. చదివిన యిండ్లలో ఆమె దుఃఖమునకు కరగనివారు లేరు. కాని ఆ దుఃఖములో విధి కెంత భాగము, పురుషున కెంత భాగము, సమత్వమును కోరిన యుద్యమమే తన స్త్రీలకు చేసిన లోటెంత యని లెక్కకట్టిన చదువరు లెందఱు? కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రను కొనియాడుచు, 1881లో మొదటి వితంతువివాహము జరిగిన కథను కన్నులు చెమర్చగా చదువువారి యింట, పెండ్లిపందిరిలో వితంతువైన మేనత్త నేటికిని వెనుకవరుసనే కూర్చుండుచున్నది. ఆమెను ముందునకు పిలువని కన్నీరు కన్నీరు కాదు, కంటిజబ్బు!

ఈ కన్నీటిచదువు కంటె ప్రమాదకరమైనది మఱొకటి బయలుదేరినది. అది విజయగాథల చదువు. పేదవా డొకడు పట్టుదలతో పైకి వచ్చెను. కావున పట్టుదల యున్నవా రెల్లరు పైకి వత్తురు. రానివారు సోమరులు – ఇదియే దాని తర్కము. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’ అను నవల మన కడపసీమ నుండియే వచ్చినది. 2021లో చలనచిత్రముగా గూడ వెలువడినది. చదువుకొని ఉద్యోగము దొరకని యువకుడు, కఱవువేళ గొఱ్ఱెలమందతో నల్లమలకు పోయి, అడవిలో తన పిఱికితనమును జయించుట అందలి కథ. దీనిని చదివి, “చూచితివా, ధైర్యముంటే ఉద్యోగము దానంతట అదే వచ్చును” అని బిడ్డలకు బోధించు తండ్రులు కలరు. గొఱ్ఱెలను తోలుకొని ఊరికి ఊరే అడవికి పోవలసి వచ్చుటకు కారణమేమి, ఊరిలో నీరు గడ్డి యెందుకు లేకపోయెను, ఆ యువకునితో పోయిన మిగిలిన కాపరులకు తుద కేమి దొరకినది అని వారడుగరు. ఒక్కడు గట్టెక్కినచో ఏటికి వంతెన యక్కఱ లేదని చెప్పుట యెట్టి న్యాయము?

పట్టుదలను మేము తక్కువచేయుట లేదు. అది లేనిదే ఎవ్వడును ఏమియు సాధింపజాలడు. కాని పోరాడినవాని బలమును మాత్రమే చూచి, వాడు పోరాడిన గోడను చూడనిచో ఆ పుస్తకమును సగమే చదివినట్లు. ఆ గోడ యక్కడనే యుండును. మఱునాడు మఱియొక బిడ్డ వచ్చి దానికే తల కొట్టుకొనును.

“చదివినంతమాత్రమున వాన కురియునా? సంఘము మారునా?” అని కొందఱు ఆక్షేపింతురు. పుస్తకములవలన నేమియు కాదన్నచో, ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 1922లో వెలువడగా నాటి మదరాసు ప్రభుత్వము దానిని నిషేధింపనేల? తుపాకులు గల దొరతనము ఒక నవలకు జడిసెనన్నచో నవలలో నేదో యుండవలెను గదా! దత్తమండలమని పరులు పెట్టిన పేరును 1928లో నంద్యాల మహాసభలో విడిచి, చిలుకూరి నారాయణరావుగారి సూచనపై రాయలసీమ యను పేరు పెట్టుకొన్నాము. తన్ను తాను దానమిచ్చిన వస్తువుగా తలచు జనము వేఱు, తనకొక చరిత్ర కలదని తలచు జనము వేఱు. ఈ భేదము అక్షరము తెచ్చినదే.

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితమే ఈ యాక్షేపణకు సమాధానము. ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసిన వ్రాతకు 1908లో వారికి కారాగారశిక్ష పడినది. చెఱసాల బాధను ఆయన తన సొంత ఘనతగా చెప్పికొని యుండవచ్చును. అట్లు చేయక, విడుదలైన పిమ్మట గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు తన బ్రతుకు ధారవోసెను. ఒక వ్రాతకు తాను శిక్ష యనుభవించినవాడు కావుననే, చదువలేని జనము ఎల్లకాలము చెఱసాలలోనే యుండునని ఆయన యెఱుగును.

ఆయన సీమలో నేటి గ్రంథాలయముల గతి యెట్లున్నది? ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయపు సెస్సును మన మందఱమును చెల్లించుచున్నాము. ఆ గడప త్రొక్కువార మెందఱము? పట్టణములలో బల్లలు నిండియే యున్నవి. కాని అక్కడ కూర్చున్న యువకులు పోటీపరీక్షల పుస్తకములు వల్లించుచున్నారు. వారిని మేము తప్పుపట్టము. వారికి అన్నము కావలెను. గోడవారనున్న కథలకు, చరిత్రలకు మాత్రము దుమ్మే చదువరి. పల్లెలలో బల్లలు గూడ లేవు. 2011 జనాభా లెక్కల నాటికి కర్నూలుజిల్లా స్త్రీలలో ఇంచుమించు సగముమందికి అక్షరములు రావు. ఎవరి బ్రతుకులను గూర్చి ఈ పుస్తకములు వ్రాయబడినవో వారికే అవి యందుబాటులో లేవన్నమాట.

కావున చదువరులారా, మేము మిమ్ము కోరునది కొలదియే. కష్టకథను బిడ్డలనుండి దాచకుడు. ముఖ్యముగా ఆడుబిడ్డలనుండి దాచకుడు. చదివిన పిమ్మట మూడు ప్రశ్న లడుగుడు: ఈ కష్టమును ఎవరు కలిగించిరి? దీనివలన ఎవరు లాభపడిరి? మన యింటిలో దీనికి సాటివచ్చున దేమున్నది? మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుకొనని యింట ఎన్ని పుస్తకము లున్నను అవి చెదల కాహారమే. చదువురానివారు మీ యింటిలో పనిచేయుచున్నచో, వారమున కొకనాడు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక కథ చదివి వినిపింపుడు. వారు చెప్పుదానిని మీరును వినుడు. మీరు చదివినదానిలోని తప్పొప్పులు వారికే బాగుగ తెలియును. మీ యూరి గ్రంథాలయము మూతపడియున్నచో, మీరు కట్టిన సెస్సు ఏమైనదని పంచాయతీవారిని నిలదీసి యడుగుడు. అడుగుట నేర్పని చదువు చదువు కాదు.

ఒక్క సంగతి చెప్పి విరమింతుము. సుగ్గికి పోయిన బిడ్డ యొకనాడు పుస్తకము వ్రాయును. అందులో మన యూరు ఉండును, మన వీధి ఉండును, మన తలుపు ఉండును. ఆ తలుపు తెఱచియుండెనా, మూసియుండెనా అని వ్రాయవలసినది వాడు, నిర్ణయింపవలసినది మనము.