సముద్రము తరిమిన పల్లె, లెక్క తప్పిన బడి

గంజాం జిల్లాలో ఋషికుల్యానది కడలిలో గలియు చోట పొడంపేట యను జాలరిపల్లె కలదు. పాతయూరిని నేడు పల్లె యనుటకంటె పాడుగోడల వరుస యనుట తగును. తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు అచ్చట కాపురముండెను. సముద్రము ఏటేట ఇసుకను కోసి పునాదులను తోడివేసెను. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ చెంత తీరము దాటిన ఫైలిన్ తుపాను ఆ ప్రాంతమునంతను అతలాకుతల మొనర్చెను. పొడంపేటవారు లోతట్టునకు తరలిపోయిరి.

దీనికంతకును భూగోళపు వేడిమియే కారణమని మేము చెప్పము. నదీముఖము తావు మార్చుటయు, రేవుల రాతికట్టలు ఇసుక నడ్డగించుటయు తీరమును కోయును. కాని 1901 నుండి 2018 వఱకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. కోత మొదలైన తీరమునకు ఆ జానెడు నీరు చాలును.

కేంద్రాపడా జిల్లాలోని సతభయా గ్రామములవారు తెలుగువారు కారు. వారికిని ఇదే గతి పట్టినది. ఒడిశా ప్రభుత్వము 2018లో అచ్చటి 571 కుటుంబములను బాగపటియాకు చేర్చెను. 2021–26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము కోతవలన నిర్వాసితులైనవారి పునరావాసమునకై 1,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. ఇండ్ల విషయమున ప్రభుత్వములు ఆలోచింపలేదని మేము అనజాలము.

మా దిగులు వేఱొకటి. తరగతిలో పదిమంది గాని, బడిలో నలుబదిమంది గాని పిల్లలున్నచో మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఒక పల్లెవారికి ఇచ్చట ఇరువది, అచ్చట ముప్పది ఇండ్ల స్థలములు విడివిడిగా నిచ్చినచో ఆ లెక్క తప్పును. పిల్లలలో ఒక్కరును తగ్గరు; బడి హక్కు మాత్రము జారిపోవును. ఋషికుల్య ఇసుకతిన్నెలపై గుడ్లు పెట్టవచ్చు తాబేళ్లకైన అటవీశాఖవారు శ్రద్ధగా లెక్క తీయుచున్నారు!

కావున కదలింపవలసి వచ్చినపుడు పల్లెను పల్లెగానే, పడవలరేవునకు నడిచిపోగల దూరమున, కదలింపవలెను. స్థలముల పంపకమునకు ముందే బడియీడు పిల్లల పేర్లును ఇంటిభాషయు పట్టీలోనికెక్కవలెను. అధికారులు అడుగుదురని కూర్చుండుట తగదు. గంజాం తీరమునను, పూరీ పెంఠకటాలోను ఉన్న మనవారు వచ్చు తుపానుల కాలమునకు ముందే ఇంటింటి పట్టీ వ్రాసి, ఒక ప్రతి జిల్లా కలెక్టరుకును, ఒక ప్రతి భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకును పంపుదురు గాక.