ఫ్రేము ఖాళీ చేస్తే పెళ్ళి సింపుల్ అవుతుందా?

మా నాన్నకి మధిరలో ఫోటో స్టూడియో ఉండేది. డిజిటల్ కెమెరాలు ఇంకా మా ఊరిదాకా రాని రోజులు. పెళ్ళిళ్ళ సీజన్లో వీడియో లైటు పట్టే కుర్రాడు రాకపోతే ఆ లైటు నా చేతికొచ్చేది. అప్పటికి నాకు పన్నెండు, పదమూడేళ్ళు. ఒక రీలుకి 36 ఫోటోలు. మామూలు పెళ్ళికి నాలుగైదు రీళ్ళు. అంతకు మించితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అందుకని ముందురోజే ఇంటి పెద్దమనిషి ఎవరో ఒకరు నాన్న చేతికి ఒక చీటీ ఇచ్చేవారు. ఎవరెవరితో ఫోటో తియ్యాలో అందులో రాసి ఉండేది. మగపెళ్ళివారి మేనమామలు, ఎమ్మార్వో గారు, ఎరువుల కొట్టు యజమాని... చీటీలో లేనివాళ్ళు వచ్చి దంపతుల పక్కన నిలబడితే నాన్న ఉత్త ఫ్లాష్ కొట్టేవాడు. వెలుగు మెరిసేది, రీలు మాత్రం కదిలేది కాదు. వాళ్ళు సంతోషంగా దిగి వెళ్ళిపోయేవారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ వంటల దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు.

ఆ ఉత్త ఫ్లాష్ నాకు మళ్ళీ మా పిన్ని కూతురి పెళ్ళిలో గుర్తొచ్చింది.

"అక్కా, నాకు హడావిడి వద్దు. సింపుల్‌గా, అందంగా ఉంటే చాలు" అని మా చెల్లి అన్నప్పుడు నేను నిజంగా సంతోషించాను. స్త్రీల కథల్లో పెళ్ళి మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. ఇంట్లో ఒక అమ్మాయి ఆర్భాటం వద్దంటే ఇంకేం కావాలి? పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు ఒకరు సింపుల్ పెళ్ళి ఎలా చేసుకోవాలో రాసిన సలహాలు ఉంటే వాటిని నేనే తనకి పంపాను. కాబట్టి ఇప్పుడు రాస్తున్నదాంట్లో నా వాటా కూడా ఉంది.

ఆ సలహాలు ఇవీ. అతిథుల్ని తగ్గించండి. స్టేజి, సింహాసనాల్లాంటి కుర్చీలు వద్దు. చెట్ల కింద, పొద్దువాలే వేళ వెలుగులో చేసుకోండి. అలంకరణకి ఒకటే రంగు ఎంచుకోండి. కెమెరా వైపు చూడకండి, మీ మానాన మీరుంటే మేం తీసుకుంటాం. ఫ్రేములో అనవసరమైనవి లేకుండా చూసుకోండి.

వీటిలో మంచి లేదని నేననను. వీడియో లైటు పట్టినదాన్ని కాబట్టి దాని వేడి నాకు తెలుసు. ఆ వెలుగులో మూడు నాలుగు గంటలపాటు పట్టుచీర, పూలజడ, నగల బరువుతో నిలబడి, ఎవరో కూడా తెలియనివాళ్ళ పక్కన నవ్వుతూ చెమటలు కార్చిన పెళ్ళికూతుళ్ళని దగ్గర్నుంచి చూశాను. జీలకర్ర బెల్లం పెడుతుంటే "ఆ చెయ్యి అలాగే ఉంచండి" అని ముహూర్తాన్నే ఆపించిన ఫోటోగ్రాఫర్లని చూశాను. అప్పగింతలప్పుడు "ఒక్కసారి అమ్మని పట్టుకుని ఏడవమ్మా" అని మళ్ళీ ఏడిపించినవాళ్ళనీ చూశాను. ఇదంతా పోతానంటే నేనెందుకు వద్దంటాను?

పెళ్ళి మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో జరిగింది. 120 మంది అతిథులు. మామిడిచెట్లు, తెల్లపూలు, మీగడ రంగు చీర. ఫోటోలు తీసింది ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. పని తెలిసిన మనిషి, గొంతు పెంచకుండా పని చేయించుకుంటుంది. నాన్న ఉండి ఉంటే మెచ్చుకునేవాడు. కన్యాదానానికి ముందు పిన్ని మండపం అంచున, కూతురికి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆ అమ్మాయి "ఆంటీ, కొంచెం పక్కకి... ఫ్రేము క్లీన్‌గా రావాలి" అంది. మాట పూర్తికాకముందే పిన్ని జరిగిపోయింది. చెట్టు చాటుకు వెళ్ళి నిలబడింది.

బాబాయి పోయి అప్పటికి ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో ఏ శుభకార్యంలోనైనా ఎక్కడ నిలబడాలో పిన్నికి వేరే ఎవరూ చెప్పక్కర్లేకుండా పోయింది. పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. పెళ్ళికొడుకు కాళ్ళు పెదనాన్న కడిగాడు. నీళ్ళు పోసింది పెద్దమ్మ. సర్కారు బడిలో పాఠాలు చెప్పి, పి.ఎఫ్. లోను తీసి, ఊళ్ళో ఉన్న ఎకరం అమ్మి ఆ పెళ్ళి చేసిన మనిషి మాత్రం ఆ ఫోటోల్లో ఎక్కడా లేదు.

ఫోటోగ్రాఫర్ అమ్మాయికి పిన్ని వితంతువని తెలియదు. తెలిస్తే బాధపడేదే. ఇక్కడ భయపెట్టేది అదే. పూర్వం "ముండమోపి ఎదురు రాకూడదు" అని నోరారా అనేవాళ్ళు ఉండేవారు. వాళ్ళతో మనం పోట్లాడవచ్చు. ఇప్పుడు ఆ పనే ఎవరూ ఎవరినీ నొప్పించకుండా, ఎంతో మర్యాదగా, అందం పేరుతో జరిగిపోతోంది. అశుభం అన్నమాట పోయి దాని చోట "క్లీన్" అన్నమాట వచ్చింది. నిలబడాల్సిన చోటు మాత్రం ఆ చెట్టు చాటే.

ఫోటో సింపుల్‌గా ఉండటం వేరు, పెళ్ళి సింపుల్‌గా ఉండటం వేరు. మొదటిది చూపుకి సంబంధించింది. రెండోది లెక్కకి సంబంధించింది: ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు చాకిరీ చేశారు, ఎవరు ఎవరి కాళ్ళు కడిగారు, ఎవరి పేరు మీద ఏం రాశారు. ఈ లెక్కలో ఒక్క అంకె కూడా మార్చకుండా మొదటిదాన్ని ఎంత అందంగానైనా సాధించవచ్చు. ఇవాళ మనకి అమ్ముతున్నది ఆ మొదటిదే.

ఈ చూపు ఎలా పనిచేస్తుందో చెప్తాను. 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి అపర్చర్ పూర్తిగా తెరిస్తే ఎదురుగా ఉన్న ముఖం స్పష్టంగా వస్తుంది, వెనకున్నదంతా మసకబారుతుంది. వడ్డిస్తున్నవాళ్ళు, విస్తళ్ళు ఎత్తుతున్నవాళ్ళు, దీపాలు వెలిగిస్తున్నవాళ్ళు మెత్తటి రంగు మరకలైపోతారు. చూడ్డానికి బాగుంటుంది, నాకూ నచ్చుతుంది. మా చెల్లి పెళ్ళి మండపం నాలుగు మూలలా కుండలు పేర్చారు, పల్లెటూరి అందం కోసమని. మా వైపు పెళ్ళికి ఐరేని కుండలు తేవడమంటే మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, అతనికి ఇవ్వాల్సింది ఇచ్చి తెచ్చుకోవడం. ఆ ఏర్పాటులో కులం ఉంది, చాకిరీ ఉంది. దాన్ని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. కానీ ఇప్పుడు కుమ్మరి పోయి కుండ మిగిలింది. డోలు, సన్నాయి "గోల" అని పోయాయి, ఫోటో కోసం మూలన ఒక డోలు మాత్రం పెట్టారు. మనుషుల్ని తీసేసి వాళ్ళ వస్తువుల్ని ఉంచుకోవడాన్ని సింపుల్ అనడం నాకు చేతకావడం లేదు.

రంగు సంగతీ అంతే. కలర్ ఫిల్ము రోజుల్లో కోడాక్ కంపెనీ ల్యాబులకి నమూనా ఫోటో ఒకటి పంపేది. 'షెర్లీ కార్డు' అనేవారు. దాని మీద చాలాకాలం పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆవిడ చర్మం సరిగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క. మన నలుపు, చామనచాయలు ఆ లెక్కలో లేవు. నల్లగా ఉన్న పెళ్ళికూతురైతే నాన్న "లైటు ఇంకాస్త దగ్గరికి పట్టమ్మా" అనేవాడు. ఇప్పుడా పని కంప్యూటర్లో జరుగుతుంది. లేత రంగుల హంగు కోసం ఫోటో మొత్తాన్ని తేల్చేస్తే దాంతోపాటు అమ్మాయి ఒంటి రంగూ తేలిపోతుంది. మా చెల్లిది చామనచాయ. ఆల్బంలో ఉన్నది మా చెల్లి రంగు కాదు. విచిత్రమేమిటంటే తెల్లటి నేత బట్టకి ఎర్రంచు ఉండే మధుపర్కాలకన్నా సింపులైన పెళ్ళిబట్టలు ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నాయా? అవి "మిగతా రంగులతో కలవవు" అని పెట్టెలోనే ఉండిపోయాయి.

ఈ ఫ్యాషను ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలుసు. 2017 డిసెంబరులో అనుష్క శర్మ, విరాట్ కోహ్లీల పెళ్ళి కొద్దిమంది బంధుమిత్రుల మధ్య, లేత రంగుల్లో జరిగింది. అయితే ఇటలీలోని టస్కనీలో. సముద్రాలు దాటి వెళ్ళి చేసుకున్నా కొద్దిమందే ఉంటే దాన్ని నిరాడంబరం అనడం అలవాటైంది. 2024 డిసెంబరులో నాగచైతన్య, శోభిత ధూళిపాళల పెళ్ళి హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోలో జరిగింది. అది వాళ్ళ సొంత స్టూడియో, వాళ్ళిష్టం. కానీ ఆ వార్త చదువుతుంటే నాకు అనిపించింది, ఇక మనందరి పెళ్ళిళ్ళూ స్టూడియోల్లోనే జరుగుతున్నాయి గదా అని!

తెలుగునేల మీద నిరాడంబరమైన పెళ్ళికి మరో చరిత్ర ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరు వెలివేసి వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రాకపోతే రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వంట చేశారు. అక్కడ అతిథులు తక్కువగా ఉన్నది ఫ్రేము కోసం కాదు, రావడానికి ధైర్యం చాలక. త్రిపురనేని రామస్వామి పురోహితుడి అవసరం లేకుండా తెలుగులో వివాహవిధి రాశారు. గోరా గారి పెద్దమ్మాయి మనోరమ, దళితుడైన అర్జునరావుని 1948లో సేవాగ్రాంలో పెళ్ళాడింది. ఆ తర్వాత ఊరూరా సభల్లో జరిగిన దండల పెళ్ళిళ్ళు మనలో కొందరి అమ్మానాన్నలవే. వాళ్ళు తీసేసినవి ఏమిటి? కట్నం, కులం, కన్యాదానం. మనం తీసేస్తున్నవి ఏమిటి? స్టేజి, ముదురు రంగులు, మేళం, పిన్ని.

ఇంతకీ లెక్క చెప్పలేదు. మా చెల్లి పెళ్ళి మొదట మధిరలో ఫంక్షన్ హాల్లో, ఆరు వందల మందికి భోజనాలతో అనుకున్నారు. సింపుల్‌గా చేద్దామన్నాక మగపెళ్ళివారే సలహా ఇచ్చారు: "భోజనాల ఖర్చు మిగిలింది కదా, దాన్ని పిల్లల ఫ్లాటు వాయిదాకి సర్దండి." ఫ్లాటు అబ్బాయి పేరు మీద ఉంది. దాన్ని కట్నం అని ఎవరూ అనలేదు, సాయం అన్నారు. పిన్ని జీవితమంతా ఎవరి పెళ్ళిళ్ళలో తిన్నదో, ఎవరి కష్టసుఖాల్లో నిలబడిందో ఆ బంధువులకి అన్నం పెట్టే భాగ్యం పోయింది. ఆ డబ్బు తిన్నగా ఫ్లాటులోకి పోయింది. దేశంలో 2022లో ఒక్క ఏడాదిలోనే 6,000కు పైగా వరకట్న మరణాలు నమోదయ్యాయి. అందమైన ఆల్బం ఉన్న ఇళ్ళల్లో ఈ చావులు జరగవని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

పెళ్ళికి ముందు మా చెల్లితో ఒక్క సంగతి మాత్రం ప్రస్తావించాను. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అడక్కుండా ఇచ్చే కానుకలకి అందులో మినహాయింపు ఉంది, అయితే ఒక షరతు మీద. 1985 నిబంధనల ప్రకారం వాటన్నిటికీ జాబితా రాయాలి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఇచ్చిందెవరు, వాళ్ళకి వధూవరులతో ఉన్న సంబంధమేమిటి. అమ్మాయికి వచ్చినవాటి జాబితా అమ్మాయి దగ్గర, అబ్బాయిది అబ్బాయి దగ్గర ఉండాలి, రెండింటి మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒక కాగితం, ఒక పెన్ను చాలు. "అక్కా, ఇప్పుడవన్నీ తెస్తే అందరి మూడూ పాడవుతుంది" అంది చెల్లి. నేను ఊరుకున్నాను. ఫోటోగ్రాఫర్ అమ్మాయి దగ్గర మాత్రం నాలుగు పేజీల జాబితా ఉంది. చేతుల క్లోజప్, చెప్పులు, ఉంగరం, నవ్వు... ఒక్కటి కూడా పోకుండా టిక్కులు పెట్టుకుంటూ తీసింది.

"పాపం ఆ అమ్మాయి తన పని తను చేసింది. ఆమె మీద పడతావేం?" అని మీరడగవచ్చు. ఆమె మీద నాకు కోపం లేదు. మా నాన్న ఉత్త ఫ్లాష్ కొట్టినట్టే ఆమె కూడా డబ్బిచ్చినవాళ్ళు అడిగింది చేసింది. నాన్నకి 36 ఫోటోల సాకు ఉంది. మెమరీ కార్డులో వేలకొద్దీ ఫోటోలు పట్టే రోజుల్లో మనకున్న సాకేమిటి? నా కోపం మన మీద. కథల్లో, వ్యాసాల్లో పెళ్ళిని ఇన్ని ముక్కలుగా విప్పి చూపించిన మనం, ఇంట్లో పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి రంగులు కుదిరాయా లేదా అన్న చర్చలో పడిపోతున్నాం. "ఎంత సింపుల్‌గా చేసుకున్నారో!" అని ఫోటోలు చూసి మెచ్చుకునే ముందు, "ఎంత ఇచ్చారు?" అని అడగడానికి మనకే మొహమాటం.

నా పెళ్ళి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. నోటీసు పెట్టి ముప్పై రోజులు ఆగాం, ముగ్గురు సాక్షులు సంతకం పెట్టారు. అందరూ అలాగే చేసుకోండని చెప్పడానికి కాదు ఇది. అందంగా చేసుకోండి, పాటలు పెట్టుకోండి, ఫోటోలు తీయించుకోండి. కన్నతల్లిని చెట్టు చాటుకి పంపకుండా కూడా మంచి ఫోటో వస్తుంది. నాన్న దగ్గర పని నేర్చుకున్నదాన్నిగా ఆ మాట నేను చెప్పగలను.

వచ్చే వేసవిలో మా తమ్ముడి పెళ్ళి. ఈసారి మగపెళ్ళివారం మేము కాబట్టి మూడు పాడవుతుందని ఊరుకోవడానికి నాకు వీల్లేదు. ఏమీ తీసుకోవడం లేదని ముందే చెప్పమని తమ్ముడితో అన్నాను. అమ్మాయికి వాళ్ళవాళ్ళు ఇచ్చినవి ఏమున్నా కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఆ అమ్మాయి దగ్గరే ఉంచాలి. కాళ్ళు కడిగించుకోవడం ఉండదు. ఫోటోగ్రాఫరు చేతికిచ్చే చీటీ నేనే రాస్తాను. మొదటి పేరు పిన్నిది.