పీఆర్‌కేను అలా తోసేస్తే ఎలా?

సంపాదకులకు,
గత సంచికలో కంటి లేజర్ చికిత్సలపై వచ్చిన వ్యాసం స్మైల్‌కే పెద్దపీట వేసి, పీఆర్‌కే పాతబడిందని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఒప్పుకోలేను. ఈ చికిత్సల్లో మరొకటైన లాసిక్‌లో కార్నియా పైపొరను మూతలా కోసి ఎత్తుతారు. కోత సుమారు 20 మిల్లీమీటర్లు. స్మైల్‌కు 2 నుంచి 4 చాలు, నిజమే. కానీ కార్నియా పలచగా ఉన్నవాళ్లకు, కంటికి దెబ్బ తగిలే ఆటలాడేవాళ్లకు ఆ మూత అవసరం లేని పీఆర్‌కేను డాక్టర్లు ఇప్పటికీ సూచిస్తున్నారు. పీఆర్‌కే తర్వాత మొదటి కొద్ది రోజులు మంట, నీళ్లు కారడం, కంటిమీద బ్యాండేజీ లెన్సు తప్పవు. చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అదీ రాయాల్సింది.

అసలు ఆ వ్యాసంలో కార్నియా ఆకారాన్ని చూసే టొపోగ్రఫీ పరీక్ష ఊసే లేదు! కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) ఉన్న కంటికి లాసిక్, స్మైల్ రెండూ కూడవని బయటపడేది అక్కడే. పెళ్లి సంబంధాల తొందరలో కళ్లద్దాలు వదిలించుకోవాలనుకునే పిల్లలు మీ పత్రిక చదువుతారు. వచ్చే సంచికలో ఆ పరీక్ష గురించి రాయించండి.

– ఒక పాఠకురాలు, తెనాలి