నలభైకే ముంచుకొచ్చే ముసలితనం

1980ల తొలినాళ్లలో అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు సగటున పాతికేళ్లు బతికేవారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు ఆపరేషన్లు చేయడం, పిల్లల్ని ఆశ్రమాలకు పంపకుండా ఇళ్లలోనే పెంచడం మొదలయ్యాక ఆ ఆయుష్షు ఇప్పుడు 60 దాకా వచ్చింది. పెరిగిన ఆ ఏళ్లకు సిద్ధపడిన కుటుంబాలు తక్కువ, డాక్టర్లు ఇంకా తక్కువ.

వీరి ఒళ్లు తొందరగా ముదురుతుంది. కంట్లో శుక్లాలు, చెముడు, ఆడవారికి నెలసరి ఆగిపోవడం అన్నీ ముందే వస్తాయి. అసలు గండం మెదడుకి. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే ప్రొటీన్ అయిన అమిలాయిడ్‌కు మూలమైన ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉంది. ఆ క్రోమోజోమ్ వీరిలో రెండింటికి బదులు మూడు. అందుకే నలభై దాటేసరికి దాదాపు అందరి మెదడులోనూ అమిలాయిడ్ మచ్చలు ఉంటాయి. జబ్బు లక్షణాలు సాధారణంగా యాభై దాటాక బయటపడతాయి.

అది మరుపుగానే మొదలవ్వాలని లేదు. రోజూ తన టీ తానే పెట్టుకునే మనిషి, పాలు పొంగిపోతున్నా స్టవ్ పక్కన చూస్తూ నిలబడతాడు. చొక్కా మీద చొక్కా వేసుకుంటాడు. గచ్చు రంగు మారినచోట అడుగు వేయడానికి జంకుతాడు. మొండికేస్తున్నాడని ఇంట్లోవాళ్లు కసురుతారు. 'వీళ్లు అంతేనండీ' అని డాక్టరు తేల్చేస్తాడు.

కసరడం కంటే ఆ తేల్చేయడమే ఎక్కువ చేటు. వచ్చిన పని చేజారిందంటే అది అల్జీమర్సే కానక్కర్లేదు. థైరాయిడ్ మందగించినా, చెవిలో గుబిలి గడ్డకట్టినా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, అమ్మ పోయిన దిగులు పట్టుకున్నా మనిషి ఇలాగే అయిపోతాడు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

అమెరికా కళాకారిణి జుడిత్ స్కాట్ విషయంలోనూ అలాగే తేల్చేశారు. ఆమె 1943లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. పసితనంలోనే చెముడు వచ్చింది, ఏళ్ల తరబడి ఎవరూ కనిపెట్టలేదు. చదువు అబ్బదని ఏడేళ్లకే ఆశ్రమంలో చేర్చారు. మూడున్నర దశాబ్దాల తర్వాత కవల సోదరి జాయిస్ ఆమెను తన దగ్గరికి తెచ్చుకుని, 1987లో ఓక్లాండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ కళాకేంద్రానికి పంపింది. మొదట్లో దేనిమీదా ఆసక్తి లేదు. ఒకసారి నూలు చేతికొచ్చాక మాత్రం, దొరికిన వస్తువునల్లా దారాలతో చుట్టి శిల్పాలు చేస్తూపోయింది. 2005లో, 61 ఏళ్ల వయసులో చనిపోయింది. విద్య పట్టుబడింది నలభై దాటాకే!

మళ్లీ అల్జీమర్స్ సంగతికి వస్తే, మామూలు జ్ఞాపకశక్తి పరీక్షలు డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి పనికిరావు. తేదీలు, లెక్కలు అడిగితే జబ్బు లేనివారూ తప్పుతారు. ఎవరినైనా వారి నిన్నటితోనే పోల్చాలి. కాబట్టి ముప్పై అయిదేళ్లకే ఏ పని ఎంతవరకు సొంతంగా చేస్తున్నారో రాసి, ఫోన్‌లో వీడియో తీసి ఉంచాలి. మన ఇళ్లలో దీనికో చిక్కుంది. అన్నం కలపడం నుంచి గుండీలు పెట్టడం దాకా అమ్మే చేసిపెడుతుంటే, పోయిన పనేదో అసలు రాని పనేదో తేలదు.

ఆ అమ్మకూ డెబ్బై దాటుతాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండిన ఇలాంటివారికి జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ని నియమించవచ్చు. తల్లిదండ్రులు ఓపిక ఉండగానే చేసుకోవలసిన పని ఇది. చాలా ఇళ్లలో తండ్రి పోయి, బ్యాంకు ఖాతా దగ్గర పేచీ వచ్చాక గానీ ఈ సంగతి గుర్తుకు రాదు.