పచ్చిక కింద బాధ్యత ఎవరిది?

ఆషాఢం వస్తే శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ గార్డెన్లకు కాస్త తీరిక దొరుకుతుంది. ముహూర్తాలు ఉండవు కనుక బుకింగులూ తగ్గుతాయి. జంట జలాశయాల పరిరక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో ఈ మండలంలోని పలు గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2008లో విమానాశ్రయం మొదలైంది, ఔటర్ రింగు రోడ్డు దగ్గరయింది. ఈ మార్పులన్నీ కలిసి ఇక్కడి చెల్క నేలల్లో చాలాభాగాన్ని ఫామ్‌హౌసులుగా, రిసార్టులుగా, పెళ్లిళ్ల లాన్లుగా మార్చాయి. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా వేల మంది తొక్కిన నేల, స్టేజీలూ క్యాటరింగ్ వ్యాన్లూ అణగదొక్కిన నేల, బిగుసుకుపోయి నీళ్లు ఇంకనివ్వదు, వేళ్లకు గాలి ఆడనివ్వదు. ఆషాఢంలోనే తొలకరికి నేల మెత్తబడి గడ్డి ఎదుగుదల అందుకుంటుంది. అందుకే లాన్‌కు రంధ్రాలు వేసే యంత్రం, అంటే ఏరేటర్, బయటికి తీయడానికి ఇంతకన్నా మంచి అదను లేదు. అయితే ఆ యంత్రం నడిపే మాలి ఒంటి మీద గాయం లేకుండా ఇంటికి వెళ్తాడా లేదా అన్నది అతని నేర్పు కన్నా ఎక్కువగా, ఆ పని అప్పగించిన యజమాని అంతకుముందు ఏం చేశాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

ముందు యంత్రం సంగతి. వెనక నడుస్తూ తోలే ఏరేటర్ వంద కిలోలకు అటూఇటూ బరువుంటుంది. పెట్రోల్ ఇంజిన్ శక్తితో బోలుగా ఉన్న ఉక్కు గొట్టాలు రెండు నుంచి నాలుగు అంగుళాల లోతుకు దిగి, వేలెడంత మట్టి ముక్కను పెకలించి పైన వదులుతాయి. వీటినే టైన్లు అంటారు. కొన్ని యంత్రాల్లో అవి డ్రమ్ముకు బిగించి ఉండి దొర్లుతూ పోతాయి. మరికొన్నింటిలో కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందకీ ఆడుతూ నేలను పొడుస్తాయి. మట్టిలోకి దిగగలిగిన బలానికి చెప్పు లెక్క కాదు, పాదమూ లెక్క కాదు. టైన్లు నేలలో ఉండగానే మలుపు తిప్పితే యంత్రం ఒరుగుతుంది. వాలు మీద అడ్డంగా నడిపితే పట్టు తప్పుతుంది. తన వైపుకు లాక్కుంటూ వెనక్కి నడిచే మనిషి కాలు జారితే యంత్రం అతని మీదికే వస్తుంది. వేడి ఇంజిన్‌లో పెట్రోల్ పోస్తే ఆవిరి అంటుకుంటుంది. తలుపులు మూసిన షెడ్డులో స్టార్ట్ చేస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఈ ప్రమాదాలన్నీ తయారీదారు ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంది, ఏ భాషలో ఉంది అన్నదే ప్రశ్న.

అంతకన్నా పెద్ద సమస్య యంత్రంలో లేదు, నేలలో ఉంది. శంషాబాద్ నేల పైన ఎర్రమట్టి, కింద మొరం, మధ్యమధ్య తల ఎత్తే గ్రానైటు బండ. లాన్ పరిచేటప్పుడు బయటినుంచి మట్టి తోలి చదును చేస్తారు. బండ కనుమరుగవుతుంది గానీ ఎక్కడికీ పోదు. టైను దానికి తగిలిన క్షణంలో వంద కిలోల యంత్రం ఎగిరి హ్యాండిల్ చేతుల్ని విదిలిస్తుంది. దీనికి తోడు పెళ్లి లాన్లకే ప్రత్యేకమైన ప్రమాదాలు మరికొన్ని ఉన్నాయి. షామియానాకు దిగ్గొట్టి తీయకుండా వదిలేసిన ఇనుప మేకులు, స్ప్రింక్లర్ తలలు, డ్రిప్ పైపులు, చెట్లకూ దారులకూ పెట్టిన లైట్ల వైర్లు అన్నీ ఆ గడ్డి కిందే ఉంటాయి. ఇక్కడ ఒక్క లెక్క గమనించాలి. నేలలో వేసే సాధారణ వోల్టేజీ విద్యుత్ కేబుల్ సుమారు 75 సెంటీమీటర్ల లోతున ఉండాలని భారతీయ ప్రమాణాల నియమావళి చెబుతుంది. ఏరేటర్ టైను దిగేది మహా అయితే పది సెంటీమీటర్లు. నియమం ప్రకారం వేసిన కేబుల్‌ను ఏరేటర్ తాకే అవకాశమే లేదు. అది తాకిందంటే ఎవరో గడ్డి చాపను ఎత్తి వైరు పరిచి మళ్లీ కప్పేశారన్నమాట. ఆ పని మాలి చేయించలేదు, అతనికి తెలిసే దారీ లేదు. కరెంటు మాత్రం అతనికే కొడుతుంది.

విమానాశ్రయాల వంటి పెద్ద సంస్థల్లో నేలను పొడవాలన్నా తవ్వాలన్నా కింద ఏ కేబుల్ ఉందో పటం చూసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం మామూలు పద్ధతి. రన్‌వే దీపాల తీగ ఒక్కటి తెగినా ఎంత నష్టమో వాళ్లకు తెలుసు. విమానాశ్రయం ప్రహరీ దాటి ఇవతల అడుగుపెడితే అలాంటి పటమూ లేదు, అడిగేవాడూ లేడు. గార్డెన్ యజమాని ఒక కాంట్రాక్టరుకు చెబుతాడు. కాంట్రాక్టరు యంత్రాన్ని రోజు అద్దెకు తెస్తాడు. పొద్దున్నే ట్రాలీ ఆటోలోంచి దించి, సాయంత్రానికి తిరిగి అప్పజెప్పాలి. కూలికి వచ్చినవాడు పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషి, ఆ లాన్‌ను అంతకుముందు ఎన్నడూ చూసి ఉండడు. గడియారం యంత్రం అద్దెను లెక్కపెడుతుంటే, లాన్ అంతా ఒకసారి నడిచి చూడడానికి పట్టే అరగంట వృథాలా కనిపిస్తుంది. టైన్లలో తడిమట్టి ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసి, కర్రతో శుభ్రం చేయాలన్నది నియమం. ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి టైం పడుతుందన్న తొందరలో ఇంజిన్ నడుస్తుండగానే చెయ్యి లోపలికి వెళ్తుంది. ఈ తొందరను పుట్టించింది అద్దె లెక్క. ఆ లెక్క కుదిర్చింది మాలి కాదు.

“యంత్రం నడిపేవాడికి ఒళ్లు దగ్గర ఉండాలి, మనమేం చేస్తాం?” అని యజమానులు అడగవచ్చు. నడిపేవాడి జాగ్రత్త అవసరమే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే యంత్రాల చరిత్ర నేర్పిన పాఠం వేరు. అమెరికాలో గడ్డి కోసే మోవర్ల వల్ల వేళ్లూ పాదాలూ తెగిపోతుంటే, జాగ్రత్తగా ఉండండని జనానికి చెప్పి అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ ఊరుకోలేదు. చెయ్యి పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలని తయారీదారులకు నియమం పెట్టింది. 1982 నుంచి అది అమల్లో ఉంది. మన దేశంలోనూ ఇదే జరిగింది. హరిత విప్లవం వెంట వచ్చిన నూర్పిడి యంత్రాల్లో రైతుకూలీల చేతులు నలిగిపోతుంటే, పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. ఆ నష్టాన్ని కూలీ కర్మకు వదిలేయకుండా, యంత్రం తయారుచేసేవారి మీదా దానితో పని చేయించేవారి మీదా బాధ్యత పెట్టింది. రెండు చోట్లా చట్టం ఒకే సంగతి గుర్తించింది: అలసిన మనిషి, తొందరలో ఉన్న మనిషి పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటు అవయవ నష్టంగా మారకుండా చూడాల్సింది డబ్బూ అధికారమూ ఉన్నవారు.

“మాది ఫ్యాక్టరీ కాదు, మాకు ఈ చట్టాలు ఎక్కడ వర్తిస్తాయి?” అన్నది రెండో అభ్యంతరం. దీనిలో కొంత నిజం ఉంది. కదిలే యంత్ర భాగాలకు కంచె ఉండాలని చెప్పిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పచ్చికబయలును ఉద్దేశించి రాసింది కాదు. నూర్పిడి యంత్రాల చట్టంలో ఏరేటర్ ఊసు లేదు. కానీ పని చేయించుకునేవాడి బాధ్యత అనే సూత్రం మన దేశంలో నూరేళ్ల పాతది. 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్, తన వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని కాంట్రాక్టరు ద్వారా చేయించినా, గాయపడిన కార్మికుడికి పరిహారం విషయంలో అసలు యజమాని తప్పించుకోలేడని చెప్పింది. లాన్‌ను అద్దెకిచ్చి బతికే వ్యాపారంలో లాన్ సంరక్షణ భాగం కాదని ఎవరు అనగలరు? కోర్టు దాకా వెళ్లకముందే ఈ సూత్రాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం మర్యాద.

మూడో అభ్యంతరం ఖర్చు. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు, చిన్న గార్డెన్లు నిజంగానే పెళ్లిళ్ల సీజన్ మీద బతుకుతాయి. కానీ అడుగుతున్నది ఏమిటో చూడండి. పని ముందురోజు లాన్ తడపాలి, బురద కాకుండా. పైపులు, స్ప్రింక్లర్లు, వైర్లు వెళ్లే దారి తెలిసిన ఎలక్ట్రీషియన్, ప్లంబర్ దగ్గరుండి వాటి వెంట చిన్న జెండాలు గుచ్చాలి. లాన్ లైట్ల మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, తాళంచెవి యంత్రం నడిపేవాడి జేబులో ఉంచాలి. ఆ లైన్ మీద 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ బిగించాలి. ఇది అతిథుల పిల్లల్నీ కాపాడుతుంది. ఇనుప మేకులు, రాళ్లు ఏరడానికి ఇద్దరు మనుషులు ఒక పూట నడవాలి. ముక్కు గట్టిగా ఉన్న బూట్లు, చెవులకు మఫ్స్, కళ్లద్దాలు ఇవ్వాలి. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్ దాటిన చప్పుడు వినికిడిని తినేస్తుందన్నది వైద్యులు ఒప్పుకున్న హద్దు. పైన విమానాలు, పక్కన ఇంజిన్ ఉన్నచోట కేక వినిపించదు కనుక ఆపమని చెప్పే చేతిసైగ ముందే మాట్లాడుకోవాలి. వీటన్నిటి ఖర్చు ఒక పెళ్లికి వేసే పూల అలంకరణలో చిన్న ముక్క. తెగిన కేబుల్ మరమ్మతుకూ పగిలిన పైపులైనుకూ అయ్యే ఖర్చుతో పోల్చినా ఇది లాభమే.

వేడిలో బూట్లు వేసుకోరు, ఇచ్చినా పక్కన పెడతారు అన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. దానికి జవాబు బూట్లలో కన్నా పని వేళల్లో ఉంది. పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ నాలుగు తర్వాత పని పెడితే, నీడా నీళ్లూ దగ్గర ఉంచితే, కొలత సరిపోయే బూట్లు ఇస్తే వేసుకుంటారు. ఒకరి పాదానికి సరిపోయినవి అందరికీ ఇచ్చి వేసుకోలేదని నిందించడం న్యాయం కాదు. మరో సంగతి కూడా ఒప్పుకోవాలి: ప్రతి లాన్‌కూ యంత్రం అక్కర్లేదు. ఇంటి ముందు నాలుగు గజాల పచ్చికకు గడ్డపలుగో చేతి ఫోర్కో చాలు. ఎవరూ తొక్కని మెత్తటి నేలకు రంధ్రాలే అవసరం లేదు. బండ తేలిన వాలును వదిలేసి అక్కడ దేశవాళీ మొక్కలు పెట్టుకోవడమే మేలు. యంత్రాన్ని వాడకపోవడం కూడా ఒక భద్రతా నిర్ణయమే, అది తీసుకోగలిగేదీ యజమానే.

శంషాబాద్, రాజేంద్రనగర్, మహేశ్వరం ప్రాంతాల గార్డెన్ యజమానులకు నా విన్నపం ఇది. ఈ ఆషాఢంలో కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు వాక్యాలు చేర్చండి: నేల కింద ఏముందో గుర్తులు పెట్టించే బాధ్యత నాది, లాన్ నడిచి చూడడానికి, ఇరుక్కున్న మట్టి తీయడానికి పట్టే సమయానికీ కూలి ఇస్తాను, ప్రమాదమనిపిస్తే పని ఆపే హక్కు యంత్రం నడిపేవాడిది, ఆపినందుకు కూలి కోత ఉండదు. యంత్రాలు అద్దెకిచ్చే దుకాణాలు తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో బొమ్మలతో ఒక్క పేజీ సూచనల కాగితం హ్యాండిల్‌కు కట్టి పంపాలి. గార్డెన్లకు అనుమతులిచ్చే స్థానిక సంస్థలు లాన్ కింది వైర్ల పటాన్ని ఫైర్ సర్టిఫికెట్‌తో పాటు అడగాలి. వీటిలో ఏ ఒక్కటీ కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. మొదటి రంధ్రం పడకముందే చేయవలసిన పనులివి, చేయవలసినవారు లాన్ యజమానులు.